కౌలు లెక్కలు జర్నల్‌కు పంపే దాకా: నా అనుభవం

పేపర్ రాయడం పూర్తయ్యాక దాన్ని జర్నల్‌కు పంపే స్థితికి తేవడానికి ఎంత పని ఉంటుందో పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో ఎవరూ చెప్పరు. శాంప్లింగ్ చెబుతారు, రిగ్రెషన్ చెబుతారు, అక్కడితో సరి. మిగతాదంతా సీనియర్లను అడిగి తెలుసుకోవాల్సిందే. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆ పని ఒకసారి చివరిదాకా చేశాను కాబట్టి, ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం కౌలు రైతులు. 2018 వానాకాలంలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు ఇచ్చారు, మరుసటి ఏడాది దాన్ని 5,000 చేశారు. ఆ డబ్బు పట్టాదారు ఖాతాలో పడేది. నోటిమాట మీద కౌలుకు చేసుకునేవాళ్లకు అందులో చోటు లేదు. పథకం వచ్చాక కౌలు రేట్లు ఏమయ్యాయన్నది నా ప్రశ్న. కొన్ని ఊళ్లు తిరిగి, కౌలుదార్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న లెక్కల మీద మా గైడ్ మేడమ్, నేను కలిసి పేపర్ రాశాం.

ముందు జర్నల్ ఎంచుకోవడం. ఈ విషయంలో మా చుట్టుపక్కల స్కాలర్లలో చాలా అయోమయం ఉంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ అచ్చవ్వాలన్న షరతు తప్పనిసరి కాదు. యూజీసీ గుర్తించిన జర్నల్స్ జాబితా, అంటే యూజీసీ కేర్ జాబితా కూడా 2025లో రద్దయింది. అయినా ఉద్యోగానికీ ప్రమోషన్‌కూ పబ్లికేషన్లు కావాలి కాబట్టి టెన్షన్ అలాగే ఉంది. ఆ టెన్షన్‌నే ఆసరా చేసుకుని ‘స్కోపస్ గ్యారంటీ, వారంలో యాక్సెప్టెన్స్’ అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తుంటాయి (స్కోపస్ అంటే పరిశోధన జర్నల్స్‌ను నమోదు చేసే ఒక డేటాబేస్). వాటి జోలికి వెళ్లొద్దని నేను గట్టిగా చెబుతాను. వారంలో ఒప్పుకున్నారంటే ఆ పేపర్‌ను ఎవరూ చదవలేదనే అర్థం. పేపర్ పరిశీలించడానికే డాలర్లలో ఫీజు తీసుకునే మంచి ఎకనామిక్స్ జర్నల్స్ కూడా ఉన్నాయి, కానీ అక్కడ ఆ ఫీజు కట్టినంత మాత్రాన పేపర్ వేసుకుంటారన్న హామీ ఏమీ ఉండదు. తేడా అక్కడే తెలుస్తుంది. మేడమ్ నాకు చెప్పిన పద్ధతి ఇంకా సులువైనది: ‘నీ రెఫరెన్సుల్లో ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు కనిపిస్తుందో చూడమ్మా. నువ్వు మాట్లాడుతున్నది వాళ్లతోనే.’ అలా చూసే ఎంచుకున్నాం.

తర్వాత ఆ జర్నల్ వాళ్ల ‘గైడ్ ఫర్ ఆథర్స్’ ప్రింటు తీసుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను. స్క్రీన్ మీద చదివితే సగం దాటేస్తాం. ఇప్పుడు చాలా జర్నల్స్ మొదటిసారి పంపేటప్పుడు ఏ ఫార్మాట్‌లో ఉన్నా తీసుకుంటున్నాయి, మార్జిన్ల గురించీ రెఫరెన్స్ స్టైల్ గురించీ అప్పుడే పట్టించుకోవడం లేదు. ఆ మాట విని చాలామంది ఫార్మాటింగే అక్కర్లేదనుకుంటారు. కానీ అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) నిడివి, జేఈఎల్ కోడ్‌లు, డేటా ఎక్కడ దొరుకుతుందన్న ప్రకటన, రచయితల్లో ఎవరు ఏ పని చేశారన్న వివరం, ఏఐ సాధనాలు వాడితే ఆ సంగతి, ఇవి మొదటిరోజే అడుగుతారు.

జేఈఎల్ కోడ్‌లంటే అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ నడిపే వర్గీకరణ, ఒక ఇంగ్లిష్ అక్షరం, దాని వెనుక అంకెలు. పేపర్‌ను ఏ రెఫరీకి, అంటే దాన్ని చదివి అభిప్రాయం చెప్పే ఏ నిపుణుడికి పంపాలో ఎడిటర్ ఆలోచించేటప్పుడు వీటి మీద కూడా చూపు పడుతుంది కాబట్టి ఆషామాషీగా పెట్టకూడదు. భూమి యాజమాన్యం, కౌలు అంటే క్యూ15. వ్యవసాయ విధానం అంటే క్యూ18. అభివృద్ధి కోణంలో వ్యవసాయం అంటే ఓ13. ఆ మూడూ పెట్టాం.

అబ్‌స్ట్రాక్ట్‌కు వంద మాటలే. మొదటి వాక్యంలోనే ప్రశ్న, రెండో దాంట్లో లెక్కలు ఎక్కడివి, ఆ తర్వాత ఏం తేలింది. ‘వ్యవసాయం భారతదేశానికి వెన్నెముక’ లాంటి మాటకు అందులో చోటు ఉండదు. ఉండకూడదు కూడా.

అసలు పని పట్టికల దగ్గర ఉంది. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ స్టాటాలోంచి ఫలితాలు బయటికి వచ్చినప్పుడు ఎలా ఉంటాయో వాడేవాళ్లకు తెలుసు. ఎడమవైపు వరుసలో మనం కోడ్‌లో పెట్టుకున్న కురచ పేర్లు, కుడివైపు దశాంశం తర్వాత ఏడెనిమిది అంకెలు. నా ప్రధాన పట్టికను ముందు పెట్టుకుని, ఒక్కో గడినీ రెఫరీ కళ్లతో చూడటం మొదలుపెట్టాను. ఆయన ఏ దేశంలో ఉంటాడో తెలియదు. యాసంగి అంటే ఏమిటో, నలభై గుంటలు ఒక ఎకరమని, కౌలు కొన్నిచోట్ల డబ్బుగానూ కొన్నిచోట్ల బస్తాల్లోనూ ఇస్తారని ఆయనకు తెలిసే అవకాశం లేదు. పేపర్ మొత్తం చదవకుండా ఆ ఒక్క పట్టికే చూసినా విషయం అర్థమవ్వాలి. అదే నేను పెట్టుకున్న కొలత.

కురచ పేర్ల స్థానంలో మామూలు మాటలు పెట్టాను. ‘ఎకరానికి కౌలు, రూపాయల్లో, లాగరిథమ్’ అని పూర్తిగా రాశాను. దశాంశం తర్వాత మూడు అంకెలే ఉంచాను. బస్తాల్లో చెప్పిన కౌలును ఏ ధరకు రూపాయల్లోకి మార్చామో పట్టిక కిందే రాశాను. ఏళ్ల మధ్య పోలిక ఉంది కాబట్టి వ్యవసాయ కూలీల ధరల సూచీతో సర్దాం. ఆ సూచీకి మేం వాడిన సిరీస్ ఆధార సంవత్సరం 1986-87, అదీ అక్కడే చెప్పాం. ప్రతి గుణకం (ప్రభావం ఎంతో చెప్పే అంకె) కింద బ్రాకెట్లలో స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ అంకె ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత. ఫలితం యాదృచ్ఛికం కాదని చూపడానికి గుణకం పక్కన పెట్టే నక్షత్రాలు తీసేశాం. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ జర్నల్స్‌లో నక్షత్రాలు వద్దనే చెబుతారు. మేం పంపే చోట ఆ నియమం లేకపోయినా తీసేయడమే మేలనిపించింది. నక్షత్రం కనబడితే చూపు అక్కడికే పోతుంది, ప్రభావం ఎంత పెద్దదన్నది ఎవరూ చూడరు. దాని బదులు పట్టిక అడుగున పథకానికి ముందు సగటు కౌలు ఎంతో ఒక వరుస చేర్చాం, గుణకం పెద్దదో చిన్నదో పోల్చి చూసుకోవడానికి.

పట్టిక కింది నోట్ రాస్తున్నప్పుడే ఇంకో సంగతి తేలింది. స్టాండర్డ్ ఎర్రర్లు ఊరి స్థాయిలో క్లస్టర్ చేశామని, అంటే ఒకే ఊరివాళ్ల లెక్కలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని పరిగణించామని రాస్తే, ఊళ్లెన్ని అన్నది కూడా రాయాలి. రాసి చూస్తే అది చిన్న అంకె. క్లస్టర్లు తక్కువగా ఉన్నప్పుడు మామూలు క్లస్టర్ స్టాండర్డ్ ఎర్రర్లు ఉండాల్సిన దానికన్నా చిన్నవిగా కనబడి, లేని నమ్మకం ఇస్తాయి. దీనికి వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ అనే పద్ధతి ఉంది, 2008లో కామెరాన్, గెల్బాక్, మిల్లర్ రాసిన పేపర్‌తో బాగా వాడుకలోకి వచ్చింది. మేడమ్ ఆ నోట్ చూసి, ‘రెఫరీ అడిగేదాకా ఎందుకు, ఇప్పుడే పెట్టేద్దాం’ అన్నారు. ఆ పి-విలువలు కూడా పట్టికలో ఒక వరుసగా చేరాయి. అందుకే ఫార్మాటింగ్ అంటే టైపింగ్ పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన లెక్క ఎక్కడ గట్టిదో ఎక్కడ పలచనో ఆ గడులు నింపేటప్పుడే తెలుస్తుంది.

రెఫరెన్సుల దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కొకటి ఉంది. సాఫ్ట్‌వేర్‌కు చివరి మాటే ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం)తో పేరు ముడిపడిన ఆర్థికవేత్త చెన్నమనేని హనుమంతరావు గారినే తీసుకోండి. ఇంటిపేరు చెన్నమనేని. పుస్తకాల మీద అది సి.హెచ్. అని రెండు పొడి అక్షరాలుగా మారింది. రెఫరెన్సులు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటెరోలో వేస్తే ఆయన ‘రావు’ కింద చేరతారు, కొందరు ‘హనుమంతరావు’ కింద ఇస్తారు. ఒకే మనిషి జాబితాలో రెండుచోట్ల రెండు పేర్లతో ఉంటే ఇద్దరనుకుంటారు. ఆయన పుస్తకాల మీద ఎలా అచ్చయిందో చూసి, అన్నిచోట్లా ఒకేలా చేశాను. ఇలాంటి పేర్లను కంప్యూటర్‌కు వదిలేయకుండా ఒక్కొక్కటీ చేత్తో సరిచూసుకోవాలి, తెలంగాణ వ్యవసాయం గురించి పని చేసిన పెద్దల పేర్లు సరిగ్గా ఉండటం మన బాధ్యత. మన పేరు విషయంలో అయితే ఆర్కిడ్ నంబర్ తీసుకోవడం మంచిది. పదహారు అంకెలు, ఉచితం. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా మన పేపర్లన్నీ ఒకే మనిషివని దాంతో తెలుస్తుంది. ఇంకోటి, పేపర్లు టైప్‌సెట్ చేసే లేటెక్‌లో రాసేవాళ్లు గమనించండి: అందులో రెఫరెన్సుల జాబితా తయారుచేసే బిబ్‌టెక్ స్టైళ్లలో కొన్ని శీర్షికల్లోని పెద్ద అక్షరాలను చిన్నవి చేసేస్తాయి, ఇండియా, తెలంగాణ కూడా చిన్న అక్షరంతో మొదలవుతాయి. ఆ మాటలను మీసాల బ్రాకెట్లలో పెడితే అలాగే ఉంటాయి.

గ్రాఫుల గురించి రెండు మాటలు. వెక్టర్ పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ఎంత పెద్దది చేసినా చెదరదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో కూడా గీతలు వేరుగా కనబడాలి కాబట్టి ఒకటి నిండు గీత, ఇంకోటి చుక్కల గీత.

మా జర్నల్‌లో రచయితలెవరో రెఫరీలకు తెలియకూడదు. టైటిల్ పేజీ వేరే ఫైలు, కృతజ్ఞతలు అందులోనే. అంతవరకు అందరూ చేస్తారు. పేరు దాక్కునే చోట్లు ఇంకా ఉంటాయి: పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఆథర్ గడి, అనుబంధంలో పెట్టిన సర్వే ప్రశ్నావళి మీద కాలేజీ లోగో, కోడ్ ఫైలు మొదటి వరుసలో కంప్యూటర్ యూజర్ పేరుతో ఉండే ఫోల్డర్ దారి. ‘మా ముందటి పేపర్‌లో చూపినట్టు’ లాంటి వాక్యాలను మూడో మనిషి రాసినట్టు మార్చాలి.

కానీ మా పేర్ల కన్నా కౌలుదార్ల పేర్ల గురించే నేను ఎక్కువ ఆలోచించాను. డేటా, కోడ్ అందరికీ అందుబాటులో పెట్టమని ఇప్పుడు జర్నల్స్ అడుగుతున్నాయి, అది మంచిదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల లెక్కలు బయటివాళ్లకు ఇచ్చారు కాబట్టే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, దోకూరు లాంటి ఊళ్ల మీద ప్రపంచమంతా పేపర్లు వచ్చాయి. మా డేటా కూడా ఎవరైనా తీసి సరిచూసేలా ఉండాలని మా కోరిక. అయితే మాతో మాట్లాడినవాళ్లది కాగితం లేని కౌలు. భూమి యజమానికి ఫలానా మనిషి ఈ మాట చెప్పాడని తెలిస్తే వచ్చే ఏడు ఆ పొలం ఇతనికి ఇవ్వకపోవచ్చు. పేరు, ఫోన్ నంబర్ తీసేస్తే సరిపోదు. చిన్న ఊళ్లో కులం, ఎన్ని ఎకరాలు కౌలుకు చేస్తున్నాడు, బోరు ఉందా అన్న మూడూ కలిపి చూస్తే మనిషి దొరికిపోతాడు. అందుకని ఊళ్ల పేర్లు తీసి కోడ్‌లు ఇచ్చాం, విస్తీర్ణాన్ని గుంటల్లో కాకుండా శ్రేణులుగా మార్చాం, ఊరిలో ఒకరిద్దరే ఉన్న వర్గాలను కలిపేశాం. ఏం మార్చామో, దానివల్ల పేపర్‌లోని ఏ పట్టిక యథాతథంగా తిరిగి రాదో డేటాతో పాటు పెట్టే రీడ్‌మీ ఫైలులో చెప్పాం. వాళ్లు మమ్మల్ని నమ్మి అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలవి.

అప్‌లోడ్‌కు పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎడిటర్‌కు లెటర్ ఒక పేజీ దాటకూడదు: ప్రశ్న, కొత్త ఏమిటి, ఇంకెక్కడా పంపలేదన్న మాట. ఫైళ్లన్నీ ఎక్కించాక సైటే వాటిని కలిపి ఒక పీడీఎఫ్ తయారు చేస్తుంది. దాన్ని తెరిచి మొదటి పేజీ నుంచి చివరి దాకా చూసి, అప్రూవ్ నొక్కితేనే పేపర్ వెళ్తుంది. నొక్కకపోతే అది మన దగ్గరే ఉండిపోతుంది, వాళ్లకు చేరదు. ఆ పీడీఎఫ్‌లో సమీకరణాల్లోని గ్రీకు అక్షరాలు, పట్టికల చివరి నిలువు వరుస తప్పకుండా చూడండి, తేడా వస్తే అక్కడే వస్తుంది.

కొన్ని గంటల్లో మాన్యుస్క్రిప్ట్ నంబర్‌తో మెయిల్ వచ్చింది. మేడమ్‌కు ఫార్వర్డ్ చేస్తే, ‘బాగా చేశావమ్మా, ఇక రెండో పేపర్ తియ్యి’ అన్నారు. కొన్నాళ్లు ‘విత్ ఎడిటర్’ అని ఉండి, ఇప్పుడు ‘అండర్ రివ్యూ’ అయింది. అంటే ఎడిటర్ దగ్గరి నుంచే తిరిగి రాకుండా రెఫరీల దాకా వెళ్లింది. రెండో పేపర్‌కు యాసంగి లెక్కలు ఎక్కిస్తున్నాను. ఈసారి వేరియబుల్ లేబుళ్లు మొదటి ఊరి నుంచే పూర్తి మాటల్లో రాస్తున్నాను, బస్తా బరువు ఏ ఊళ్లో ఎంతన్నది కూడా వేరే గడిలో.