తారాతారిణి మొక్కు

చైత్రంలో మంగళవారం మాత్రం ఒడిశాలో కొండమీదున్న అక్కాచెల్లెళ్ళ అమ్మవార్ల గుడి తారాతారిణికి వెళ్ళొద్దని అందరికీ చెప్పేవాణ్ణి, మొన్న నేనే వెళ్ళాను. మొక్కు నాది కాదు, నా స్నేహితుడిది. వాడు పోయి ఏడాది దాటింది. ఏటిసూతకం, సంవత్సరీకం అయ్యేదాకా కొండ ఎక్కకూడదన్నారు, ఈలోగా వాడి మనవడి జుట్టు భుజాలు దాటి బరంపురంలో వాళ్ళ వీధిలో అందరూ పిల్లాణ్ణి పాపా అని పిలవడం మొదలెట్టారు.

వాడూ నేనూ ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో కలిశాం. 1957 నాటి కాలేజీ అది. మా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే, ఆ ఒక్క కారణానికే పక్కపక్కన కూర్చున్నాం, ముసలాళ్ళమయ్యాక కూడా లేవలేదు. ఔట్‌డోర్ స్టడీకి చిలికా ఒడ్డుకి వెళ్తే ఆ తేమగాలికి వాటర్‌కలర్ ఓ పట్టాన ఆరేది కాదు. వాడు కుంచె ముంచేముందు కళ్ళు సగం మూసి చూసేవాడు. అలా చూస్తే చిల్లరంతా పోయి వెలుగూ నీడా మిగులుతాయి. ఇది మాస్టర్లు అందరికీ చెప్పేదే, కానీ వాడు పెళ్ళిచూపుల్లోనూ అలాగే చూశాడని వదిన ఇప్పటికీ అంటుంది. తర్వాత బరంపురంలో సైన్‌బోర్డులు రాశాడు, ఒడియా, తెలుగు రెండూ, ఫ్లెక్సీలు వచ్చి ఆ పని తినేసేదాకా.

ఒక్కతే కూతురు. నెలలు నిండకుండా బాబు పుట్టి ఇంక్యుబేటర్లో ఉన్నప్పుడు వాడు ఆస్పత్రి వరండాలోనే మొక్కుకున్నాడు, మూడో ఏట అమ్మవారికి తల ఇస్తామని, మేనమామ లేడు కాబట్టి తనే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానని. బాబు నిలబడ్డాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకునే పని నా మీద పడింది.

తెల్లవారకుండా బయల్దేరినా పురుషోత్తంపూర్ దాటాక బండి కదల్లేదు. రోప్‌వే దగ్గర క్యూ చూసి 999 మెట్లే నయమన్నాను, సగం ఎక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. పైన తోపులాట, సెల్ఫీలు, పక్కదారిన దూరిపోయే సిఫార్సు జనం. తిట్టుకుంటూ చేసిన జపం ఏ ఖాతాలో పడుతుందో ఆ తల్లికే తెలియాలి.

కత్తి చూడగానే బాబు గుక్కపట్టాడు. రెండు చేతులా పట్టుకున్నా గింజుకుంటున్నాడు, వెనకవాళ్ళేమో కానివ్వండి కానివ్వండి అని ఒకటే గోల. ఆ మంగలాయనకి అరవై పైనే ఉంటాయి, ఒడియా ఆయన, తొందరపడలేదు. కత్తి కింద పెట్టి, బాబు చెయ్యి చెంబులో ముంచి తన బట్టతల మీద నీళ్ళు రాయించుకున్నాడు. ‘ఎబె మో పాళి’ అన్నాడు, ఇప్పుడు నా వంతు అని. బాబుకి నవ్వొచ్చింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ రాశాడు, ఆ ఆటలో ఉండగానే మొదటి పాయ నా ఒళ్ళో పడింది. కాస్త ఎక్కువిస్తే తీసుకోలేదు, ఆ డబ్బుతో పిల్లాడి తలకి చందనం కొనమన్నాడు.

దర్శనం ఎంతసేపు, ఎవరో భుజం మీద చెయ్యేసి నెట్టేదాకా. పూలు, కుంకుమ, పొగ, ముందువాళ్ళ తలలు, ఏదీ ఆనడం లేదు. నాకు తెలియకుండానే కళ్ళు సగం మూశాను. తలలన్నీ ఒకే నీడలో కలిసిపోయాయి. మందారాల ఎరుపు మధ్య అక్కాచెల్లెళ్ళ ముఖాలు రెండూ పచ్చటి వెలుగుగా తేలాయి, ఒక్కచోట దీపం పడి తెల్లగా మెరిసింది. వాడైతే ఆ తెలుపు కోసం రంగు పెట్టకుండా కాగితం అలాగే వదిలేసేవాడు. ఈ మాట అనుకునేలోపు నెట్టేశారు.

వాడు కట్టిన ముడుపు వదిన హుండీలో వేసి, ‘బాకీ తీరింది అన్నయ్యా’ అంది. అమ్మవారిది తీరింది, ఖల్లికోటలో తీసుకున్న నా సేబుల్ బ్రష్షులు రెండూ ఇంకా వాడి దగ్గరే ఉన్నాయన్నాను. పకపకా నవ్వి, అటక మీద పెట్టెలో ఉంటాయి, ఆదివారం వచ్చి వెతుక్కోండి, భోజనం మా ఇంట్లోనే అంది. వెళ్తాను. బ్రష్షులు ఈపాటికి పురుగు కొట్టేసి ఉంటాయి.