ఫ్లెక్సీ కట్టే ముందు కోర్టు తడపండి

సంక్రాంతి దగ్గరపడితే చాలు, నెల్లూరు, ప్రకాశం ఊళ్ళలో సెంటర్ సెంటర్‌కీ కబడ్డీ ఫ్లెక్సీలు లేస్తాయి. నడిమధ్య ‘మన ఊరి పరువు’ అని పెద్దక్షరాలు, కింద దాతల ఫొటోలు, మూలన ఒంగోలు గిత్త బొమ్మ. ఆడబోయే కుర్రాళ్ళ మొహాలు మాత్రం తపాలా బిళ్ళంత. అభిమానం తప్పని ఎవరూ అనరు. కానీ ఆ ఫ్లెక్సీల ఖర్చులో సగం కోర్టుకు పెడితే నాలుగు మోకాళ్ళు మిగులుతాయి. ఊరి జట్టుకు నిజంగా పనికొచ్చే సాయం ఎక్కడెక్కడ ఉందో, అది ఎక్కడెక్కడ చెడుతుందో ఈ పోస్టులో రాస్తున్నాను.

మొదట మట్టి సంగతి. మన పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక ఊరి నేల ఇంకో ఊరికి పోలదు. ఒంగోలు చుట్టూ నల్లరేగడి. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాలికి అంటుకుని వదలదు. కనిగిరి, పామూరు, పొదిలి, ఇటు ఉదయగిరి వైపు ఎర్ర నేల. పట్టు బాగానే ఉంటుంది గానీ గులకరాళ్ళు మోకాలి చర్మం ఒలిచేస్తాయి. మార్కాపురం వైపు పలకరాయి పెళ్ళలు కూడా తోడవుతాయి. కొత్తపట్నం, సింగరాయకొండ, అల్లూరు, ఇందుకూరుపేట లాంటి తీరపు ఊళ్ళలో ఇసుక. పడితే దెబ్బ తగలదు, నిజమే. కానీ కాలు నిలవదు. ఇసుకలో నేర్చుకున్న కుర్రాడు గట్టి నేల మీదికి వెళ్ళి అదే ఊపులో మలుపు తిరిగితే మోకాలు మెలిపడుతుంది.

అందుకని ఏ ఊరైనా సొంత నేల మీద గీతలు గీసి ఆడించడం కంటే పైన 2 అంగుళాల పొర వేయించడం మంచిది. కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ మీటరు చొప్పున కలుపుకుంటే 15 బై 12. దాని మీద 2 అంగుళాలంటే సుమారు 9 ఘనపు మీటర్లు. 100 ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రక్కుతో మూడు ట్రక్కులు దాటుతుంది, రోలరు కింద అణిగేది కూడా లెక్కేస్తే నాలుగు. రెండు వంతులు జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఒక వంతు సన్న ఇసుక. జల్లెడ తప్పనిసరి. ‘చేత్తో ఏరేస్తాంలే’ అన్న ఊళ్ళో ఒక్క గాజుపెంకు మిగిలినా పండగ ఆస్పత్రిలోనే. రంపపు పొట్టు దొరికితే నాలుగు బస్తాలు పైపైన కలపండి, పడినప్పుడు నేల కాస్త మెత్తగా ఉంటుంది.

ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలనేది కూడా ముఖ్యమే. నెల్లూరికి వాన ఎక్కువగా కురిసేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరులో మట్టి తోలించి మురిసిపోతే ఒక్క వాయుగుండానికి అంతా కాలవలోకి పోతుంది. డిసెంబరు సగం దాటాక తోలిస్తే సంక్రాంతికి మూడు వారాలు పైనే ఉంటుంది. మట్టి కుదురుకోవడానికి అది చాలు.

తడపడం అసలైన విద్య. ఆటకు ముందురోజు సాయంత్రం తడిపి, పొద్దున రోలరు తిప్పాలి. 13 బై 10 కోర్టుకు 500 లీటర్ల దాకా, అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండున్నర పడతాయి. బకెట్లతో కుమ్మరిస్తే గుంటలు పడతాయి, పైపు మూతికి జల్లు పెట్టాలి. చాలిందో లేదో తెలుసుకోవడానికి కోర్టులో నాలుగైదు చోట్ల గుప్పెడు మట్టి తీసి పిడికిట బిగించండి. ముద్ద కావాలి. ఆ ముద్దను మోకాలి ఎత్తు నుంచి వదిలితే చెదిరిపోవాలి. చెదరకుండా బొత్తున పడితే తడి ఎక్కువైంది, కూతకు వెళ్ళినవాడు మధ్య గీత దగ్గరే జారతాడు. పిడికిట్లోనే పొడిపొడిగా రాలితే తక్కువైంది, దుమ్ము లేచి కూత మధ్యలో దగ్గు వస్తుంది. కూత ఆగితే రైడ్ పోయినట్టే. ఆ పాయింటు ఎదుటి జట్టు గెలిచింది కాదు, మనం నీళ్ళు పట్టక ఇచ్చింది.

గీతల దగ్గర మన ఊళ్ళు ఎక్కువగా చేసే తప్పు కోర్టు వంకర పోవడం. కంటి అంచనాతో గీస్తే ఒక పక్క 10 మీటర్లు, ఇంకో పక్క 9 మీటర్ల 70 వస్తుంది. మూల సరిగ్గా రావాలంటే తాపీ మేస్త్రి లెక్కే చాలు: ఒక మూల నుంచి ఒకవైపు 3 మీటర్లు, రెండోవైపు 4 మీటర్లు గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య 5 మీటర్లు ఉండాలి. అంతా అయ్యాక మూల నుంచి మూలకు టేపు పట్టండి. రెండు కొలతలూ 16 మీటర్ల 40 సెంటీమీటర్లు వస్తే కోర్టు సరిగ్గా ఉన్నట్టు. మధ్య గీత నుంచి అటూ ఇటూ 3.75 మీటర్లకు బాక్ లైన్ (కూతకు వెళ్ళినవాడు దాటి రావాల్సిన గీత), అక్కణ్ణుంచి ఇంకో మీటరుకు బోనస్ లైన్. రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ, అంటే అంచు పట్టీ. గీత మందం 3 నుంచి 5 సెంటీమీటర్లు. ఆడపిల్లల జట్లను కూడా ఇదే కోర్టులో ఆడించేస్తుంటారు, అది తప్పు. వాళ్ళకు 12 బై 8, బాక్ లైన్ 3 మీటర్లకు. మూల నుంచి మూలకు 14 మీటర్ల 42 రావాలి.

గీతకు సున్నం వాడకండి. చెమట పట్టిన ఒంటికి, కంట్లోకి పోతే మండుతుంది, కాలుతుంది కూడా. ముగ్గుపిండి చాలు. కాకపోతే రెండు రైడ్లకే చెరిగిపోతుంది, ప్రతి ఆట తర్వాతా మళ్ళీ పోయాలి. పోటీలకైతే నవారు పరిచి మేకులు కొడతారు. అన్ని గీతలూ కలిపితే 114 మీటర్లు, కాబట్టి 120 మీటర్ల నవారు కొనండి. మీటరుకొకటి కొట్టినా మేకులు 125 దాకా పడతాయి. మేకు తల నవారు కంటే కిందికి దిగాలి. వేలితో తడిమితే తగిలే మేకు కాలికి తప్పకుండా తగులుతుంది. ఎన్ని కొట్టారో అక్కడికక్కడే ఒక కాగితం మీద రాసిపెట్టండి.

ఇక జెర్సీలు. ఇందులో గిత్త గొడవ ఒకటుంది. ఆ పశువును మనం ఒంగోలు జాతి అంటాం. బ్రెజిల్ వాళ్ళు మాత్రం ‘నెలోర్’ అంటారు, మన నెల్లూరు పేరే. ఒకప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. దాంతో అటువాళ్ళూ ఇటువాళ్ళూ గిత్త మాదంటే మాదని జెర్సీ మీద వేయించుకుంటారు. రెండు జట్లూ ఎదురుపడితే రెండు పక్కలా అదే మూపురం, అదే కొమ్ములు. వేయించుకోండి, తప్పేం లేదు. కానీ వీపు మీద గిత్తకో దాత ఫొటోకో చోటిచ్చి నంబరును మూలకు తోయకండి. నంబరు ముందువైపు 4 అంగుళాలు, వీపున 6 అంగుళాలు ఉండాలని నియమం. స్కోరరుకు నంబరు కనపడకపోతే అవుటైనవాడు ఎవరో, తిరిగి లోపలికి రావాల్సినవాడు ఎవరో తేలదు. సగం కొట్లాటలు అక్కడే పుడతాయి. జట్టుకు 12 మంది, కాబట్టి 12 జెర్సీలు, చిరిగితే అప్పటికప్పుడు నంబరు వేసి మార్చుకోవడానికి ఖాళీవి రెండు. వేర్వేరు రంగుల్లో రెండు సెట్లు ఉంటే ఇంకా మంచిది. రాత్రి లైట్ల కింద ముదురు నీలం, నలుపు ఒకటిగానే కనిపిస్తాయి.

బరిలోకి దిగే ముందు గోళ్ళు కత్తిరించాలి, ఒంటికి నూనె పూయకూడదు, నగలు ఉండకూడదు. నగలంటే ఉంగరం, గొలుసు అనుకుంటారు. మనవాళ్ళ ఒంటి మీద రాగి కడియం, తాయెత్తు, మొలతాడు కూడా ఉంటాయి. పట్టు పట్టేటప్పుడు మొలతాడులో వేలు ఇరుక్కుంటే విరిగేది పట్టినవాడి వేలు. దేవుడి తాయెత్తు తీయడం ఇష్టం లేకపోతే జట్టు పెద్దాయన చేతికిచ్చి కూర్చోబెట్టండి, ఆయన జేబులో ఉన్నా పనిచేస్తుంది.

బరువు చూడ్డం మరో తలనొప్పి. సీనియర్ మగవాళ్ళకు 85 కిలోలు, ఆడవాళ్ళకు 75 కిలోలు మించకూడదు. మిషను మట్టి మీద పెడితే తప్పు చూపిస్తుంది, బడి వరండాలో గచ్చు మీద పెట్టండి. కుర్రాళ్ళు బరువు దించడానికి రోజంతా నీళ్ళు మానేసి సాయంత్రం ఆటలో కండరాలు పట్టేసి పడిపోతారు. దించాల్సింది ఉంటే నెల ముందు నుంచే.

తిండి సంగతి నెల్లూరు వాళ్ళకు చెబితే కోపమొస్తుంది. ఎంత బాగున్నా చేపల పులుసు అన్నం ఆట అయ్యాకే. ఆటకు మూడు గంటల ముందే భోజనం ముగియాలి. ఎండాకాలం పోటీలైతే సాయంత్రం ఐదు దాటాకే మొదలుపెట్టండి. లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా కొలత, గుట్టగా కాకుండా అంచు దాకానే నింపాలి. ఉప్పు ఎక్కువైతే వాంతవుతుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే. 16 జట్లు వస్తే 192 మంది ఆటగాళ్ళు, మనిషికి 2 లీటర్లు వేసుకున్నా 20 లీటర్ల టిన్నులు 20 కావాలి. జనం తాగేది వేరే.

అదే 16 జట్లకు నాకౌట్ పెడితే 15 ఆటలు. ఒక్కోటి 20 నిమిషాలు, 5 నిమిషాల విరామం, మళ్ళీ 20 నిమిషాలు. టైం అవుట్లు, గీతలు దిద్దడం, జట్లు మారడం కలిపితే గంట. అంటే 15 గంటల పని. ఒక కోర్టు మీద ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. పైగా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టకూడదు. చాలా ఊళ్ళలో సెమీఫైనల్స్ పదింటికి మొదలవుతాయి, మైకు ఆగాక స్కోరు ఎవరికీ వినపడదు, ‘మోసం’ అనే కేకలు లేస్తాయి. రెండు రోజులు పెట్టుకోండి, లేదా రెండో కోర్టు వేయండి. ఎవరికి పొగాకు రెలుపులు (ఆకు కోతలు) ఉన్నాయో, ఏ జట్టు బేరన్ (పొగాకు కాల్చే కొట్టం) దగ్గర కాపలా ఉండాలో ముందే అడిగి తెలుసుకుంటే ఆ జట్ల ఆటలు సర్దవచ్చు. చెప్పా పెట్టకుండా మానేసే జట్లలో సగం పొలం పని వల్లే మానేస్తాయి.

అంపైర్లను ఊళ్ళో పెద్దమనిషితో సరిపెట్టకండి. రిఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, లైన్ అంపైర్లు ఇద్దరు, స్కోరరు ఒకరు, మొత్తం ఆరుగురు. వాళ్ళ పారితోషికం, భోజనం, ప్రయాణం కప్పు కొనకముందే పక్కన పెట్టాలి. జనం కూడా నాలుగు నియమాలు తెలుసుకుంటే సగం గోల తగ్గుతుంది. బోనస్ గీత దాటితే చాలు, ‘బోనస్ రా అబ్బయా!’ అని అరుస్తారు. ఎదుటి పక్క ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్, అదీ ఒక కాలు గీత అవతల మోపినప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలి. లాబీలోకి కాలు పెడితే అవుటే, కానీ పట్టు మొదలయ్యాక లాబీ ఆటలో భాగం. పట్టే జట్టులో ముగ్గురో అంతకంటే తక్కువో ఉన్నప్పుడు కూతకు వచ్చినవాణ్ణి పట్టేస్తే సూపర్ ట్యాకిల్, అదనంగా ఒక పాయింటు. ఎదుటి జట్టు మొత్తాన్నీ ఖాళీ చేస్తే అదనంగా 2. మధ్య గీత చివర స్టాండు మీద ఒక ఫోను పెట్టి రికార్డు చేస్తే తగువు తీర్చడానికి పనికొస్తుంది.

జనాన్ని గీతకు కనీసం 3 మీటర్ల దూరంలో తాడు కట్టి ఆపండి. ముందు వరస కూర్చుంటే వెనక వరస నిలబడుతుంది, తర్వాత ముందు వరస పాక్కుంటూ లాబీ దాకా వస్తుంది. ఇది ప్రతి ఊళ్ళోనూ జరిగేదే. పిల్లల్ని ముందు కూర్చోబెట్టి ఇద్దరు వాలంటీర్లను అక్కడే ఉంచండి.

దెబ్బ తగిలితే, భుజం జారితే లాగకండి, ఎవరినీ లాగనివ్వకండి. జోలె కట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి 108కి ఫోన్ చేయండి. మన వైపు ఎముక దెబ్బ అనగానే పుత్తూరు కట్టుకు బండి కట్టేస్తారు. ఏ కట్టైనా ముందు ఎక్స్‌రే తీయించాలి. విరిగిన చోట నరమో రక్తనాళమో నొక్కుకుని ఉంటే కట్టు బిగించిన కొద్దీ చెయ్యి చెడుతుంది. తలకు తగిలి వాంతి, మగత, మాట తడబాటు ఉంటే ఆ కుర్రాడు ఎంత బతిమాలినా మళ్ళీ దించవద్దు.

బడి పిల్లల జట్టయితే ఇంకో పని ఉంది, ఫ్లెక్సీ కంటే అదే ముఖ్యం. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 సెలక్షన్లకు పుట్టిన తేదీ చూస్తారు. ఆధార్‌లో ఒక తేదీ, బడి రిజిస్టర్లో ఇంకో తేదీ ఉంటే ఎంత బాగా ఆడినా గేటు దగ్గరే ఆపేస్తారు. దిద్దించడానికి వారాలు పడుతుంది. జూన్‌లో బడి తెరవగానే పీఈటీ సారును అడిగి జట్టులో ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. దానికి దాతలు అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం చాలు.

పోటీలు అయిన మర్నాడు పొద్దున్నే నలుగురు బడి గ్రౌండుకు రండి. నవారు చుట్టేయండి, మేకులు పీకండి. కాగితం మీద 125 అని రాసుకుంటే డబ్బాలో 125 ఉండాలి. 124 అయితే అయస్కాంతం కట్టిన కర్రతో ఆ ఒక్కటీ దొరికేదాకా వెతకండి. సెలవులు అయ్యాక అక్కడ పరిగెత్తేది చెప్పుల్లేని పిల్లలు.