అప్పుడప్పుడు

బండి జారి కుడికాలి ఎముక విరిగింది. ఆదివారం పొద్దున ఆసుపత్రిలో చేర్చారు. కేస్ షీట్ పట్టుకుని వచ్చిన డ్యూటీ డాక్టరు షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగిన ఊపులోనే "మందు, సిగరెట్?" అన్నాడు. మంచం పక్కన మా అత్తగారు నిలబడి ఉన్నారు. "అప్పుడప్పుడు" అన్నాను. రాసుకుని వెళ్లిపోయాడు. మా ఆవిడ నా వైపు చూసింది గానీ ఏమీ అనలేదు.

సోమవారం రాత్రికి చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట. కాలి నొప్పికే అనుకున్నారు అందరూ. మంగళవారం తెల్లవారుజామున దుప్పటి మీద ఎర్రచీమలు బారులు తీరాయి. ఎంత దులిపినా పోవు. సెలైన్ సూది పీకేసి, విరిగిన కాలితోనే మంచం దిగబోయానట. నాకు చీమలే గుర్తు.

అప్పుడు మా ఆవిడే సిస్టర్‌ని పక్కకు పిలిచి చెప్పింది: "పదేళ్లుగా రోజూ క్వార్టర్ అండీ." రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఇలా రావచ్చట. ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ వస్తుంది. విటమిన్ బి1 ఇంజెక్షన్లు, వణుకు, ఫిట్స్ తగ్గించే లోరాజెపామ్ ఇచ్చారు. కాలి ఆపరేషన్ వారం వాయిదా.

తేరుకున్నాక సైకియాట్రీ మేడమ్ వచ్చారు. మావాళ్లను బయటికి పంపి, కర్టెన్ లాగి, కూర్చున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నలు, ఆడిట్ అంటారు. అలవాటుందా లేదా అని కాదు, ఎన్నాళ్లకోసారి, ఎంత అని అడుగుతారు.

"రోజుకి ఒకటే మేడమ్, క్వార్టర్" అన్నాను.

ఆవిడ కాగితం మీద లెక్క కట్టారు. 180 ఎం.ఎల్. విస్కీ, అందులో 42.8 శాతం ఆల్కహాల్, అంటే బరువులో సుమారు 60 గ్రాములు. 10 గ్రాముల ఆల్కహాల్ ఒక డ్రింక్ అనుకుంటే క్వార్టరుకు ఆరు. ఇన్నేళ్లూ నేను ఒకటని లెక్కపెట్టుకున్నది ఆరు! తాగడం వల్ల ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. శనివారం రాత్రి తాగింది దిగకుండానే బండెక్కానని మొదటిసారి ఒప్పుకున్నది అక్కడే. జవాబులకు మార్కులు వేస్తే 40కి 24 వచ్చాయి. 8 వచ్చినా జాగ్రత్తపడాలట. చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ నాకు అరవై శాతం రాలేదు.

ఇవన్నీ చేరిన రోజే అడగాల్సిందని మా ఆవిడకు ఇప్పటికీ కోపం. నాకైతే లేదు. అత్తగారి ముందు పది అడిగితే పది అబద్ధాలు చెప్పేవాణ్ణి.

ఆర్నెల్లయింది. కర్ర లేకుండా నడుస్తున్నాను. మొన్న బావమరిది గృహప్రవేశంలో తాగాను. చెకప్‌కు వెళ్లినప్పుడు మేడమ్‌కి ఆ మాట చెప్పాను. "ఎంత?" అన్నారు. "నైంటీ. అంటే మూడు" అన్నాను. రాసుకున్నారు.