ఫ్లాట్ సప్లీ, యమాతారాజభానసలగం

మా పిన్ని కొడుకు పొందూరు నుంచి రోజూ రైల్లో విజయనగరం వెళ్లి బీటెక్ చదువుతున్నాడు. మొన్న గరివిడి దగ్గర రైలు ఆపేశారట, ఏమీ తోచక నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టాడు. నోట్సులో నాలుగు గుండ్రాలు, వాటి మధ్య బాణాలు, చివరి గుండ్రానికి రెండు గీతలు. కింద "ఇదేటన్నా, ఏటీ బుర్రకెక్కట్లేదు" అని.

ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమాటా థియరీ, కుర్రాళ్ల నోట్లో ఫ్లాట్. అక్షరాల వరుసని చదివి అది నియమానికి సరిపోతుందో లేదో తేల్చే మిషన్లని ఇలా గుండ్రాలు, బాణాలతో గీసే సబ్జెక్టు. నవ్వొచ్చింది, ఎందుకంటే వాడి అన్న ఈ సబ్జెక్టులో 70కి 11 తెచ్చుకున్న మొనగాడు.

మా సార్ బోర్డు నిండా టేబుల్ వేసి, "ఎన్‌ఎఫ్‌ఏని డీఎఫ్‌ఏగా మార్చడం గ్యారంటీ ప్రశ్న, స్టెప్పులు బట్టీ పట్టండి" అనేవారు. పట్టాం. డీఎఫ్ఏ అంటే ప్రతి గుండ్రం దగ్గరా ఒక్కో అక్షరానికి ఒకే దారి ఉండే మిషన్, అంతవరకూ సరే. కానీ ఎన్‌ఎఫ్‌ఏ అంటే రెండు దారులున్నప్పుడు ఏది సరైనదో మిషనే ఊహించుకుంటుందట! మిషన్ ఊహించుకోవడమేంటి సార్ అంటే, "అదంతేనమ్మా, డెఫినిషన్ రాయి" అన్నారు. నాకు అక్కడే మూత పడింది.

రిజల్ట్స్ వచ్చిన రోజు కంటోన్మెంట్‌లో మా రూములో కరెంటు లేదు, ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. పుస్తకం చివరి పేజీలో ఏదో గీస్తూ ఒక లైను రాశాను: "పాసు మార్కు లేదు పరువు పోయిందిరా". రాశాక ఎక్కడో విన్న నడకలా ఉందే అనిపించి, పదో తరగతి అలవాటు కొద్దీ పైన గురువులు, లఘువులు పెట్టుకుంటూ పోయాను. పాసు, మార్కు, లేదు, మూడూ గలం, అంటే మూడు సూర్య గణాలు. "పరువు పో" నగం, "యిందిరా" రగణం, అంటే రెండు ఇంద్ర గణాలు. ఆటవెలది మొదటి పాదం! నాలుగో గణం మొదట్లో "ప" ఉంది కాబట్టి "పా"తో యతి కూడా కుదిరింది. తప్పిన బాధలో పద్యం తప్పకుండా రావడం నా తలరాత.

అప్పుడు వెలిగింది. నేనిప్పుడు చేసిన పనే కదా ఆ గుండ్రాలు చేసేది. ఒక్కో అక్షరం చదువుతూ, ఎన్నో గణంలో ఎంత దూరం వచ్చానో అది మాత్రం గుర్తుపెట్టుకుని, పాదం అయ్యేసరికి సరైన చోట ఆగితే రెండు గీతల గుండ్రం, లేకపోతే గణభంగం. యతి కోసం మొదటి అక్షరం గుర్తుంచుకోవాలి, నిజమే, కానీ అక్షరాలకు లెక్కుంది కాబట్టి గుండ్రాలు పెరుగుతాయే తప్ప అనంతం కావు.

ఇక ఆ ఊహించుకోవడం సంగతి. "పరువు"లో ప లఘువు, "పట్టు"లో ప గురువు. "ప" దగ్గర ఆగి ఏదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, పక్కన ద్విత్వం వస్తుందో లేదో చూడాలి. వెనక్కి తిరగకుండా చదవాలంటే రెండే మార్గాలు. గురువే అనుకుని ముందుకెళ్లి, తర్వాత ద్విత్వమో సంయుక్తమో రాకపోతే ఆ దారి అక్కడితో చచ్చిపోతుంది, అది ఎన్‌ఎఫ్‌ఏ. లేదా రెండు వేళ్లు పెట్టుకుని, ఒకటి లఘువు మీద, ఒకటి గురువు మీద, రెండింటినీ ఒకేసారి జరుపుకుంటూ పోవడం. ఏ వేళ్లు ఎక్కడున్నాయో ఆ మొత్తం అమరికే ఒక కొత్త గుండ్రం అనుకుంటే డీఎఫ్‌ఏ వచ్చేసినట్టే. అందుకే 3 గుండ్రాలు (స్టేట్స్) ఉన్నది 8 దాకా పోవచ్చు. ఈ కిటుకుని 1959లో రాబిన్, స్కాట్ పేపర్లో రాశారు, 1976లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చింది ఆ పేపర్‌కే. నేను బట్టీ పట్టిన ఆ దిక్కుమాలిన టేబుల్ అదే మరి!

మూడక్షరాల గణాలు గుర్తుండటానికి మా తెలుగు మాష్టారు బెత్తం పట్టుకుని చెప్పించిన యమాతారాజభానసలగం ఇంకా గమ్మత్తు. చివరి రెండు అక్షరాలు మాత్రమే గుర్తుంచుకునే మిషన్ గీయండి. లఘువు-లఘువు, లఘువు-గురువు, గురువు-లఘువు, గురువు-గురువు, మొత్తం 4 గుండ్రాలు, ఒక్కోదాని నుంచి రెండు బాణాలు, 8 బాణాలు, 8 గణాలు. ఆ పది అక్షరాలూ చదువుకుంటూ పోతే ప్రతి బాణం మీదా సరిగ్గా ఒక్కసారే నడుస్తాం. ఆ రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని మూడుసార్లు గీసి చూసుకున్నాను, నమ్మలేక.

తమ్ముడికి ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. వాడు తెలివైనోడే, "అయితే దీనికి కుదరనిదేటన్నా" అన్నాడు. వికటకవి అన్నాను. ఎటు నుంచి చదివినా ఒకటే. ఐదక్షరాలైతే సరే, ఐదువేలైతే మొదటి సగమంతా గుర్తుండాలి, గుండ్రాలేమో లెక్కపెట్టినన్నే. మాట గుండ్రాల సంఖ్య కంటే పొడుగైతే ఏదో ఒక గుండ్రంలోకి రెండోసారి రాక తప్పదు, ఆ చుట్టు పదిసార్లు తిరిగినా మిషన్‌కి తెలియదు, తప్పు మాటకీ తలూపేస్తుంది. పంపింగ్ లెమ్మా అంటే ఇంతే. స్టాక్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చుకుని పైనుంచే తీసుకునే జ్ఞాపకం, ఇస్తే గట్టెక్కుతుంది కానీ నడిమధ్య ఎక్కడో ఊహించే తీరాలి, ఇక్కడ రెండు వేళ్ల కిటుకు పనిచేయదు.

సప్లీలో పాసయ్యాను. పరీక్ష రాసి బయటికొచ్చి రెండో పాదం కూడా రాశాను, "పంపు కొట్టి కొట్టి పట్టు చిక్కె", ఐదు సూర్య గణాలూ సరిపోయాయి. ట్యూరింగ్ మిషన్ యూనిట్ మాత్రం చాయిస్‌లో వదిలేశాను, మిగతా రెండు పాదాలూ అలాగే ఉండిపోయాయి.