మా ఓపెన్ యాక్సెస్ శాతం లెక్క తేలిన తీరు

మా సంస్థ పరిశోధనా పత్రాల్లో డబ్బు కట్టకుండా చదవగలిగేవి ఎన్ని, అవి ఏటికేడు పెరుగుతున్నాయా లేదా? పైవాళ్లు అడిగింది ఇంతే. ఒక్క గ్రాఫ్‌తో తేలిపోవాల్సిన పని.

డేటా ఓపెన్‌అలెక్స్ నుంచి తీసుకున్నాను. పరిశోధనా పత్రాల వివరాలన్నీ ఒకచోట చేర్చిన ఉచిత డేటాబేస్ అది. అలాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ అకడమిక్ గ్రాఫ్ 2021 చివర్లో ఆగిపోయాక, 2022 జనవరిలో దాని స్థానంలోకి వచ్చింది ఇదే. హక్కులన్నీ వదులుకునే సీసీ0 లైసెన్స్ కింద ఇస్తారు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెతికేటప్పుడు సంస్థ పేరు కాకుండా రోర్ ఐడీ, అంటే ప్రతి పరిశోధనా సంస్థకూ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు, వాడాను. ఒకే పేరును మా రచయితలు ఎన్ని రకాలుగా రాస్తారో చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

చిక్కంతా 'ఓపెన్' అనే ముద్ర దగ్గరే. పత్రిక మొత్తం ఓపెన్ అయితే గోల్డ్. చందా పత్రికలో ఆ ఒక్క వ్యాసానికే ఓపెన్ లైసెన్స్ ఉంటే హైబ్రిడ్. పత్రం కాపీ రిపాజిటరీలో, అంటే పత్రాలు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో, మాత్రమే దొరికితే గ్రీన్. ఇక బ్రాంజ్ ఉంది చూశారూ, ప్రచురణకర్త సైట్‌లో చదువుకోవచ్చు గానీ లైసెన్స్ ఏదీ కనిపించదు. రేపు తీసేసినా అడగడానికి లేదు. దాన్ని కలిపితే మా శాతం ఘనంగా ఉంది, కలపకపోతే నీరసంగా ఉంది. ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు, బ్రాంజ్‌ను వేరే రంగులో విడిగా చూపించాను.

ఆ తర్వాత గీత చివర్లో కిందికి వంగడం చూసి అందరూ కంగారుపడ్డారు. నిజానికి అక్కడ తగ్గిందేమీ లేదు. రిపాజిటరీలో పెట్టడానికి చాలా పత్రికలు ఆరు నెలలో, ఏడాదో ఆగమంటాయి. అందుకే తాజా సంవత్సరం ఎప్పుడూ వెనకబడ్డట్టే కనిపిస్తుంది. ఫ్రాన్స్ ప్రభుత్వ ఓపెన్ సైన్స్ బారోమీటర్‌లో నాకు నచ్చింది ఇదే: పత్రం ఏ ఏడాదిదో చెప్పి ఊరుకోకుండా, ఎప్పుడు చూసి లెక్కపెట్టారో కూడా చెబుతుంది. అలా పోల్చాలంటే పాత లెక్కలు చేతిలో ఉండాలి. ఓపెన్‌అలెక్స్‌ను అడిగితే ఒక పత్రం ఇవాళ ఓపెనా కాదా అన్నదే చెబుతుంది, రెండేళ్ల కిందటి సంగతి చెప్పదు.

యునెస్కో 2021 సిఫార్సు ప్రకారం ఓపెన్ సైన్స్ అంటే పత్రాలే కాదు, డేటా, సాఫ్ట్‌వేర్ కూడా. మా డేటాసెట్ల కోసం, వాటికి డీఓఐ గుర్తింపు సంఖ్యలిచ్చే డేటాసైట్‌లో వెతికాను. చాలా రికార్డుల్లో సంస్థ గడి ఖాళీ. ఆ గ్రాఫ్ గీయలేదు.

ఇప్పుడు ప్రతి డిసెంబరులో ఓపెన్‌అలెక్స్‌లోని మా రికార్డులన్నీ దించి, ఫైలు పేరులో తేదీ వేసి దాస్తున్నాను.