వైశాఖం పెళ్లికి ఏ సూటు గుడ్డ?

మా భీమవరం వైపు టైలర్లకి సూటు ఆర్డర్లు ఎక్కువగా వైశాఖం ముహూర్తాలకే వస్తాయి. చుట్టూ చెరువులూ కాలవలే కదా, రిసెప్షన్ వేళకి కూడా ఉక్క తగ్గదు. ఆ ఉక్కలో పెళ్లికొడుకు కోటు తొడుక్కుని వీడియో లైట్ల కింద నిలబడాలి. అందుకే ఎవరు గుడ్డ తెచ్చినా రంగు సంగతి తర్వాత, ముందు పిడికిట్లో నలిపి చూస్తాను.

మొన్న ఒకాయన మేనల్లుడి కోసం రాజమండ్రి తాడితోటలో పీసు కొనుక్కొచ్చారు. "పల్చటిదే తెచ్చానండి మాస్టారూ, చల్లగా ఉంటదని, ఆయ్" అన్నారు. అంచు మీద బంగారు అక్షరాల్లో 'సూపర్ 120'. ఆ అంకె ఉన్ని వెంట్రుక ఎంత సన్నమో చెప్పడానికి. చల్లదనానికీ దానికీ సంబంధం లేదు. పైగా అంచు మీద ఏదైనా అచ్చేసుకోవచ్చు. ఓ పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. ఉన్నయితే జుట్టు కాలిన కమురు వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. ఇది కరిగి, ముడుచుకుని, నల్లటి పూసలా గట్టిపడింది. ఆయన దాన్ని గోటితో నొక్కి చూసి, "పాలిస్టరే అంటారా?" అన్నారు.

పాలిస్టరు ఎంత పల్చనైనా చెమట పీల్చదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. ఉన్నంటే చలికాలం స్వెట్టరే అనుకునేవాళ్లకి ఇది ఓ పట్టాన ఎక్కదు. మనకి నప్పేది ట్రాపికల్ వూల్, అంటే వేడి ప్రాంతాల కోసం పల్చగా నేసిన ఉన్ని గుడ్డ, మీటరు పొడవుకి 230 గ్రాములు అటూ ఇటూగా. కోటూ ప్యాంటూ కలిపి 3.25 మీటర్లు తీసుకుంటే సాధారణంగా సరిపోతుంది. లినెన్ ఇంకా చల్లన. కానీ ఓసారి కూర్చుని లేస్తే ముడతలు. పెళ్లికొడుకు తండ్రికి అది అందమే, పెళ్లికొడుక్కి మాత్రం ఫొటోగ్రాఫరు ఒప్పుకోడు.

గుడ్డ మంచిదైనా లోపల మేం చెడగొట్టొచ్చు. వీపు నిండా పాలిస్టరు లైనింగు వేస్తే ఉన్ని చేసిన మేలంతా పోయినట్టే. నేనైతే భుజాలకీ చేతులకీ విస్కోస్ లైనింగు వేసి, వీపు కింది భాగం వదిలేస్తాను. ఛాతీ బిగువుగా నిలబడటానికి లోపల అతికించే చవక గమ్ము బక్రం జోలికి పోను. వేడికీ తేమకీ గమ్ము వదిలేసి ఛాతీ మీద బుడగలు లేస్తాయి.

కొట్టువాళ్లు పీసు వెనక్కి తీసుకోం అన్నారట. ప్యాంటుకీ వెయిస్ట్‌కోటుకీ వాడేద్దాం, కోటుకి ట్రాపికల్ వూల్ తెచ్చుకోండి అన్నాను. రెండు గుడ్డలైతే చుట్టాలు ఏమంటారో అని ఆయన బెంగ. మేనల్లుడికే ఫోన్ చేయించాను. ఆ కుర్రాడు ఒక్కటే అడిగాడు: "అంకుల్, కోటు విప్పకుండా భోజనం చేయగలనా?"