ముందు షాఫ్టు లేని జీపు

అమ్మకానికి పెట్టిన ఆ జీపు ఫొటోలో బాగానే ఉంది. ఆకుపచ్చ రంగు, ఏడు గళ్ల గ్రిల్లు, బానెట్టు మీదికి మడిచిన ముందు అద్దం. కింద ఒకే వాక్యం: "1974 మహీంద్రా, వింటేజ్, ఫోర్‌వీల్ డ్రైవ్, 6 లక్షలు." బండి నర్సీపట్నం దగ్గర ఒక జీడిమామిడి తోటలో ఉందని తెలిసి, పాత జీపుల పనిలో నలభై ఏళ్లుగా ఉన్న మెకానిక్ బాబాయిని అనకాపల్లిలో ఎక్కించుకొని గత నెల ఒక ఆదివారం వెళ్లాను.

దూరం నుంచే అది సీజే-3బీ రకం జీపు అని తెలిసిపోయింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో విడిభాగాలు తెప్పించి బొంబాయిలో అమెరికా కంపెనీ విల్లీస్ జీపులు బిగించడంతో మహీంద్రా వారి బండ్ల వ్యాపారం మొదలైంది. విల్లీస్ 1953లో తెచ్చిన సీజే-3బీని అమెరికాలో 1968తో ఆపేసినా, మన దేశంలో ఇంకా చాలా ఏళ్లు తయారు చేశారు. దీని గుర్తు బానెట్టు ఎత్తే. యుద్ధకాలపు జీపు ఇంజనులో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. తరువాత వచ్చిన 2.2 లీటర్ల హరికేన్ ఇంజనులో గాలి లోపలికి వెళ్లే వాల్వులను పైకి, హెడ్డులోకి మార్చారు. దానితో ఇంజను ఎత్తు పెరిగింది, దానికి చోటివ్వడానికి బానెట్టునూ ఎత్తాల్సి వచ్చింది. అందగాడేమీ కాదు, కానీ నాకు ఆ నుదురే ఇష్టం.

బానెట్టు ఎత్తగానే బాబాయి నవ్వాడు. లోపల హరికేన్ లేదు, ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజను ఉంది. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఒకప్పుడు ఎంతోమంది చేసిన పనే కనుక దాన్ని తప్పుపట్టలేను. అయితే ఆర్‌సీలో ఇంధనం గడిలో ఇప్పటికీ పెట్రోలు అనే ఉంది, పైగా ఆ ఆర్‌సీ గడువు తీరి చాలా ఏళ్లయింది.

ప్రకటనలోని "వింటేజ్" అనే మాట నాకు అక్కడే అడ్డం తగిలింది. పాత బండి ప్రతిదాన్నీ మనవాళ్లు ఆ మాటతోనే అమ్ముతారు గానీ, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్లు దాటిన సొంత వాడకపు బండికే ఆ హోదా దక్కుతుంది, అది కూడా ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులేవీ జరగకుండా ఉంటేనే. హోదా వస్తే రాష్ట్రం అక్షరాల పక్కన "వీఏ" అని ఉండే ప్రత్యేక నంబరు, పదేళ్ల గడువు లభిస్తాయి; రుసుము 20 వేలు. కానీ ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, ఇంధనం పోయించడానికో తప్ప రోజూ రోడ్డెక్కించకూడదు. ఈ జీపుకు వయసు సరిపోయింది, ఇంజను సరిపోలేదు. అంటే మామూలు బండిగానే ఇంజను మార్పిడి నమోదు చేయించి, అయిదేళ్లకొకసారి ఆర్‌సీ పునరుద్ధరించుకోవాలి. ఇంజను మార్చిన జీపుకు వింటేజ్ ధర ఎందుకివ్వాలి?

ఈలోగా బాబాయి గోనెసంచి పరచుకొని బండి కిందికి దూరి, దాని యజమానిని అడిగాడు.

"పెద్దాయనా, ముందు షాఫ్టు ఏదండీ?"

"విప్పించేశాం బాబూ. గోల చేస్తుంటే ఎందుకని. పశువుల శాలలో ఎక్కడో ఉండాలి."

గేరు రాడ్డు పక్కన రెండు చిన్న రాడ్లున్నాయి. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది, రెండోది వేగం తగ్గించి బలం పెంచుతుంది; ముందు చక్రాలు కలిశాకే ఆ రెండోదాన్ని వాడాలి. గేరు బాక్సు వెనుక ఉన్న పెట్టె నుంచి ముందు ఇరుసుకు బలం చేరవేసే షాఫ్టే లేనప్పుడు ఆ రాడ్లు ఎటు లాగినా ముందు చక్రాలకు చేరేదేమీ లేదు. లంబసింగి ఘాటులోనూ, వర్షాకాలపు చింతపల్లి మట్టి దారుల్లోనూ తిరిగిన బండి అని పెద్దాయన గర్వంగా చెప్పాడు. నిజమే అయివుంటుంది, కానీ ఇప్పుడది వెనుక చక్రాలతో మాత్రమే నడిచే జీపు. శాలలో వెతికితే షాఫ్టు దొరికింది. దూడ పలుపు దానికే కట్టి ఉంది! బాబాయి దాని రెండు కొనలూ తిప్పి చూసి, ఆ కొనల్లో కీళ్లలా తిరిగే క్రాసులు మారిస్తే పనికొస్తుందన్నాడు. ముందు చక్రాల దగ్గరి గుండ్రటి గిన్నెలు మాత్రం తుప్పు పట్టి గుంటలు పడ్డాయి, అక్కడ సీలు ఎన్నిసార్లు మార్చినా నూనె ఆగదు.

బాడీ సంగతి పెద్దగా పట్టించుకోలేదు. నేల రేకు అతుకులమయం, అది ఊహించిందే. కమాను పట్టీలు బిగించే చోట ఛాసిస్‌ను స్క్రూడ్రైవరుతో కొట్టి చూస్తే గట్టి శబ్దమే వచ్చింది. నాకు కావలసింది అదే. ఉత్తరాదిన డబ్వాలీలో కట్టిన కొత్త బాడీలకు పాత కాగితాలు అంటగట్టి అమ్మే బేరాలూ విన్నాను. అలాంటి జీపు మెరుస్తుంది గానీ, తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పాక దాన్ని రోడ్డెక్కించడానికి నాకు ధైర్యం చాలదు.

చివరికి మిగిలింది నంబరు. ఛాసిస్ మీది మట్టి, పాత రంగు గరుకు కాగితంతో రుద్ది, తెల్ల కాగితం ఆనించి పెన్సిలుతో మెల్లగా గీస్తుంటే అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. అన్నీ ఆర్‌సీతో సరిపోయాయి, ఒక్క అంకె తప్ప. ఆర్‌సీలో 8 ఉన్న చోట కాగితం మీద ఎడమవైపు గీత సగమే వచ్చింది. తుప్పు తిన్న ఎనిమిదా, అసలు మూడేనా? రెండోసారి గీసినా అంతే వచ్చింది.

షాఫ్టు, డీజిల్ ఇంజను లెక్కలో పెట్టుకొని రెండున్నర లక్షలకు మించి ఇవ్వలేనని చెప్పాను. పెద్దాయన నాలుగు దగ్గర ఆగాడు. అంకె సంగతి రవాణా కార్యాలయంలోని పాత రికార్డులో చూపించి తేల్చితే మిగతా బేరం మాట్లాడుకుందామని చెప్పి, ఆ పెన్సిలు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని వచ్చాను.